సగం ముక్క చెప్పిన ఆయుష్షు

నేను బడికి పోలే. సిద్దిపేటల ఒక ఎరువుల దుకాణంల నలభై ఏండ్లు పనిచేసిన. మూటలు మోయనీకె పోయి, పురుగుమందు డబ్బాల మీది రాత చూసి చూసి ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు నేర్చిన. ఎందుకు నేర్చిననో బాగ గుర్తున్నది. ఒక యేడు సేటు ఒక రైతుకు పత్తికి కొట్టే మందని చెప్పి గడ్డిమందు అంటగట్టిండు. నాలుగు రోజులకు ఆ మనిషి మాడిపోయిన పత్తిచెట్టు వేళ్లతో సహా పట్టుకొచ్చి గల్లా ముందట నిలబడ్డడు. తిట్టలే.  డబ్బా మీద అంతా రాసే ఉన్నది, చదివేటోడే లేకపాయె. ఆ దినం నుంచి చదవకుండ ఒక్క డబ్బా గూడ ఎవలి చేతికియ్యలే. ఊర్లకెల్లి వచ్చినోళ్లు సేటును వదిలి "నువ్వు సదివి చెప్పు" అని నా దగ్గరికే వచ్చేటోళ్లు. నాకు సదువు రాదన్నోళ్లతోని కొట్లాడిన. అందుల కొందరితోని ఇప్పటికీ మాటల్లేవు.

మా తమ్ముడు నంగునూరు దిక్కు ఎవుసం చేసేటోడు. నాలుగెకరాల వరి. పోయిన యేడు చలికాలం కడుపునొప్పి మొదలైతే ఊర్ల డాక్టరు ఐదు నెలలు గ్యాసు గోలీలు ఇచ్చిండు. ఐదు నెలలు! బర్రె మేత ముట్టకపోతే రెండో దినమే డాక్టరును పిలుస్తరు. దొడ్డికి పోతే రక్తం పడుతున్నదని సిగ్గుకు వీడు పెండ్లానికి గూడ చెప్పలే. నాకు తెలిసినంక సిద్దిపేటకు గుంజుకొచ్చి పైపు పరీక్ష చేయించిన. పెద్దపేగుల గడ్డ. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిన్రు.

వారానికి కాగితం వచ్చింది. డిక్షనరీ ముందటేసుకొని రెండు దినాలు చదివిన. క్యాన్సరే, పేగుకు మామూలుగ వచ్చే రకం. పోయి పైపు పరీక్ష చేసిన డాక్టరును గూడ అడిగిన. ఆపరేషన్ చేసి తీసేస్తే ఏండ్లకు ఏండ్లు బతికినోళ్లున్నరని అన్నడు.

బయటికి రాంగనే తమ్ముని కొడుకు నా చెయ్యి పట్టుకున్నడు. "పెద్దబాపూ, బాపుకు చెప్పకు. పుండు అని చెప్దాం."

నాకు మండింది. మా నాయినకు గూడ పుండనే చెప్పిన్రు. ఆయన కారం మానేసి, ఇయ్యాల తగ్గుతది రేపు తగ్గుతదని చూసుకుంటనే పోయిండు. ఒళ్లు ఎవలిదో వాళ్లకే తెల్వద్దంటే ఏం న్యాయం? దవాఖాన ముందటి చాయ్ బండి కాడ తమ్మునికి చెప్పేసిన.

"క్యాన్సరే తమ్మీ. కోసి తీసేస్తరు. నాలుగైదేండ్లకు ఢోకా లేదు."

చాయ్ ఊదుకుంట అడిగిండు. "నాలుగేండ్లు పక్కానా?"

"కాగితం నేనే సదివిన."

"నువ్వు సదివితే ఇగ ఏంది! అయితే వరి బంద్ చేసి ఆయిల్ పామ్ పెడ్త. నాలుగేండ్లకు గెలలు కోతకొస్తయి. మొదటి గెల నీ నెత్తి మీద పెట్టి ఊరంతా తిప్పుత."

"నా మెడ ఇరుగుతది రా."

"ఇరగనీ. ఇద్దరం ఒకే దవాఖానల పండుకుందాం."

హైదరాబాదుల ఆపరేషన్ అయింది. వానలు పడంగనే, కుట్లు మానకముందే, గట్టు మీద మంచం ఏయించుకొని మొక్కలు పెట్టించిండు. మా తాత నాటి నుంచి వరి పండిన జాగ. ఇగ తినే బియ్యం గూడ కొనుక్కునుడే. నా మాట మీద.

మొక్కలు పెట్టినంక వచ్చింది రెండో కాగితం, కోసి తీసిన గడ్డ మొత్తం పరీక్ష చేసింది. తమ్ముని కొడుకు, నేను హైదరాబాదు పోయినం. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"గడ్డ ఒక్కటే గాని లోపల రెండు రకాల క్యాన్సర్లున్నయి. ఒకటి మీకు తెలిసిందే. ఇంకోటి న్యూరోఎండోక్రైన్ అంటరు, పేగుల హార్మోన్లు తయారుచేసే కణాల తీరుగ ఉంటది. మీవాళ్లది అందుల దుడుకు రకం. సిద్దిపేటల తీసిన చిన్న ముక్కల మొదటిదే దొరికింది. అందుల ఎవరి తప్పు లేదు."

"ఎన్నేండ్లమ్మా?" అన్న.

"ఇట్ల రెండు కలిసి వచ్చుడు చాలా అరుదు. నా సర్వీసు మొత్తంల వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందిని చూసిన. గట్టిగ లెక్క కట్టి చెప్పలేను. కాని రెండిట్ల ఏది జోరుగ ఉరుకుతదో, మనిషి రోజులు దాన్ని బట్టే ఉంటయి. కొత్త స్కానింగుల కాలేయంల గూడ మచ్చలున్నయి. కీమో ఇద్దాం. అయినా ఏండ్లు అనుకోకండి. నెలలే అనుకోండి."

ఎవరి తప్పు లేదట. ఎవరి తప్పు లేకుంటనే ఒక మనిషి పోతడా? సిద్దిపేట కాగితం మళ్ల తీసి చూసిన. ఒక్క అక్షరం తప్పు లేదు. నేను గూడ తప్పు చదవలే. సగం డబ్బా మీది రాత చదివి మొత్తం పొలానికి మందు కొట్టించిన. ఆ సేటుకు నాకు ఏం తేడా?

బస్సుల తమ్ముని కొడుకు ఈసారి బతిలాడలే. "మొదట నువ్వే చెప్తివి. ఇది గూడ నువ్వే చెప్పు" అన్నడు.

తెల్లారి పొలం కాడికి పోయిన. తమ్ముడు డ్రిప్పు పైపుల కాడ ప్లాస్టిక్ కుర్చీల కూసున్నడు. డాక్టరమ్మ పేరెత్తలే, కొత్త కాగితం సదివిన అని మొదలుపెట్టి మొత్తం చెప్పిన. నెలలు అన్న మాట గూడ.

"గడ్డల రెండు రకాలా?" అన్నడు.

"అవు."

"మొన్న ఒక్కటే అంటివి."

"మొన్నటి ముక్కల ఒక్కటే ఉండె."

"రేపు మూడంటవా?" నవ్విండు. ఆ నవ్వు ఎంతోసేపు ఉండలే. "అన్నా, నాలుగేండ్లంటే నాలుగెకరాలు దున్నిచ్చిన. ఇప్పుడు గిది చెప్తున్నవు. డబ్బా మీద ఎకరానికెంతో సదువుడు వేరు, దవాఖాన కాగితం వేరు. తప్పు సదివినట్టున్నవే. తప్పే సదివినవు గదా? చెప్పు."

వెక్కిరిస్తున్నడనుకున్న. రెండు చేతులతోని కుర్చీని పట్టుకున్నడు, వేళ్లు తెల్లబడ్డయి. వెక్కిరించుడు కాదది. అడుక్కునుడు.

డాక్టరమ్మ నోటితోనే చెప్పింది, నీ కొడుకు గూడ విన్నడు అనే మాట నాలుక మీదికొచ్చింది. అంటే అయిపోయేది. ఆ మాట మింగిన.

"తప్పే సదివి ఉంట తమ్మీ. నాకు బడి సదువు యాడిది?"

"గట్లను!" కుర్చీని వదిలిండు. "మన అవ్వ అప్పుడే అన్నది, వీడు డబ్బాలు చూసుకుంట సదివినట్టు నటిస్తడని."

ఇగ ఊరంతా చెప్పుకొచ్చిండు. మా అన్నకు సదువు రాదు, రెండు కాగితాలు రెండు తీర్ల సదివిండు అని. నన్ను చూసి జనం నవ్విన్రు. నేను ఎవలితోని కొట్లాడలే. కీమోకు కొడుకు తీస్కపోయిండు, రోగం మళ్ల రాకుండ ఇచ్చే మందు అని చెప్పి. నేను పక్కనే ఉండి తల ఊపిన. మా నాయినకు చెప్పిన అబద్ధం మీద బతుకంత మండిపడ్డోన్ని, అదే అబద్ధానికి కాపలా కూసున్న.

తమ్ముడు పోయే ఇరవై దినాల ముందటి మాట. కండ్లు పచ్చబడ్డయి, కాళ్లు ఉబ్బినయి. అయినా మొక్కలకు కొత్త ఎరువు తెప్పించిండు. మూటతోని ఒక కాగితం ఇచ్చిన్రు, ఏ యేడు చెట్టుకెంత వెయ్యాల్నో. అది నా కాళ్ల కాడ పడ్డది. అలవాటుకొద్ది వంగిన.

"నువ్వద్దే అన్నా. నీ సదువు చూసినం గద," అని కొడుకును పిలిచిండు.

వాడు కాగితం తీసుకొని నా దిక్కు చూసిండు. మొదటి యేటి లెక్క చదివి ఆగిండు.

"ఆగినవేందిరా? నాలుగో యేటి దాక సదువు. ఇనాలె."

వాడు చదివిండు. మూడో యేడు కాడ ఒక అంకె తప్పు చదివిండు. నేను కూసున్న కాడికెల్లి కాగితం సక్కగ కనపడుతున్నది.

దిద్దలే.