జంట లేని వ్యాసం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, పదో తరగతి తెలుగు పేపర్లు దిద్దడానికి నన్ను విజయవాడ స్పాట్ వాల్యుయేషన్‌కు వేశారు. రోజూ తిరువూరు నుంచి బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. ఉదయం ఇరవై పేపర్లు, మధ్యాహ్నం ఇరవై. వాటి మీద పేర్లుండవు, కోడ్ నంబర్లే. మేం వేసిన మార్కులు కూడి చూడటానికి స్పెషల్ అసిస్టెంటు, మా అందరి మీదా చీఫ్ ఎగ్జామినరు. ఇంత పకడ్బందీలో తప్పెలా జరుగుతుందని నాకు ధీమా.

మూడో రోజు మధ్యాహ్నం కూడికలు చూస్తున్న రాజ్యలక్ష్మి గారు ఒక పేపరు నా ముందు పెట్టారు. చిన్న వయసు టీచరు, మొహమాటంగానే అన్నారు.

“సార్, పొద్దున ఇదే వ్యాసానికి ఏడు వేశారండి. దీనికి నాలుగే వేశారు.”

ఉదయం పేపరు ఇంకా బల్ల మీదే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. రైతు జీవితం మీద ఒకే గైడులోంచి బట్టీ పట్టిన వ్యాసం, అక్షరం పొల్లుపోలేదు. మారింది నేనే. భోజనం, ఎండ, సాయంత్రం బస్సు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. రెండూ చీఫ్ ఎగ్జామినరుకు చూపించి, నాలుగును ఏడు చేసి సంతకం పెట్టాను. ముప్పైరెండు ముప్పైఐదైంది. ఆ బిడ్డ పాసైంది.

అప్పుడు ముందురోజు మధ్యాహ్నం పేపరొకటి గుర్తొచ్చింది. అదే ప్రశ్న. మామిడి పూత మాడిపోయిన ఏడాది వాళ్ల నాన్న తోటలో నిలబడి ఎవరితోనూ మాట్లాడలేదని రాసింది ఎవరో పిల్ల. గైడు వాక్యం ఒక్కటీ లేదు. రాయాల్సిన అంశాలు లేవని మూడు వేశాను. మొత్తం ముప్పైమూడు. పాసుకు దగ్గర్లో ఆగినవాటిని మళ్లీ చూడటం మా అలవాటు. బస్సు వేళైందని ఆ రోజు చూడలేదు.

చీఫ్ ఎగ్జామినరు దగ్గరికి వెళ్లి ఆ కట్ట తెప్పించమని అడిగాను. అది సీలై స్ట్రాంగ్ రూముకు వెళ్లిపోయిందన్నారు. ఆయన కఠినుడేం కాదు.

“ఇందాకటివి రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు, ఒప్పుకున్నాను. దీని పక్కన ఏం పెడతారు మాస్టారూ?”

తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను.

బట్టీ వ్యాసానికి జంట ఉంది కనుక న్యాయం జరిగింది. సొంతంగా రాసినదానికి జంట ఉండదు. దిద్దేవాడి ఓపికే దానికి దిక్కు. తర్వాతి రెండేళ్లూ కట్టలోని వ్యాసాలన్నీ ముందు వరసగా దిద్ది, ఆ తర్వాతే మిగతా ప్రశ్నలు చూశాను. ఆ ముప్పైమూడు మాత్రం ముప్పైమూడుగానే ఉండిపోయింది.