చాపెల్ వెనక చిన్నిల్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అలాంటివి ఉంటాయన్న సంగతి నలభై దాటాకే తెలిసొచ్చింది. ఆ రోజుల్లో విదేశంలో, కిచెనర్ అనే ఊళ్ళో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తూ, ఒక పెద్దావిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. ఆవిడని వీధిలో అందరూ 'నైన్' అనేవారు. ఇంటి నంబరు తొమ్మిది కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుని, మన మర్యాద ప్రకారం 'నైన్ ఆంటీ' అని పిలిచేదాన్ని. మూణ్నెల్లయ్యాక తెలిసింది, వాళ్ళ వెల్ష్ భాషలో నైన్ అంటే నాయనమ్మ అని. అంటే రోజూ గుమ్మంలో నిలబడి "నాయనమ్మ ఆంటీ, గుడ్ మార్నింగ్!" అంటున్నానన్నమాట. (ఆవిడ ఒక్కసారి కూడా దిద్దలేదు. వినడానికి బాగుందట.)

ఆవిడ పుట్టింది వేల్స్‌లో, కొండల మధ్య ఒక చిన్న పల్లెలో. ఆ ఊరి పేరు మొదట్లో ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి చప్పుడొకటి చెయ్యాలి. నాకిప్పటికీ నోరు తిరగదు. వాళ్ళ నాన్న ఆ ఊరి చరిత్రంతా ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టాడు. మనం బడిలో రాసుకున్న పలకల రాయిని తవ్వే క్వారీ, అది మూతపడిన తీరు, బడి, చాపెల్ అనే వాళ్ళ చిన్న చర్చి, వాగు పొంగి గొర్రెలు కొట్టుకుపోయిన ఏడాది, అన్నీ ఉన్నాయి అందులో. ఇప్పుడా చాపెల్‌కి తాళం వేశారట. ఇళ్ళన్నీ సెలవులకొచ్చే వాళ్ళవట. ఆవిడకా, చూపు రోజురోజుకీ మందగిస్తోంది. "మార్చిలో మా వెల్ష్ పండక్కి చర్చి హాల్లో అందరం కలుస్తాం. మా తాతయ్య ఊరికి ఏం చేశాడో పదిమంది ముందు ఒక్కసారి చదివితే వినాలని ఉంది. నా తర్వాత ఈ పుస్తకం ఎవరు తెరుస్తారు?" అంది. "మీరు నిశ్చింతగా ఉండండి ఆంటీ. నేను టైప్ చేసి, చక్కగా ఎడిట్ చేసి, నేనే చదువుతా" అన్నాను. ఎడిట్ చెయ్యమని ఆవిడ అడగలేదు.

నోట్‌బుక్ ఇంగ్లీషులోనే ఉంది, మధ్యమధ్యలో వెల్ష్ మాటలు. ఆవిడ అలమారలో దొరికిన చిన్న డిక్షనరీ పెట్టుకుని అన్నీ దాటుకొచ్చాను గానీ, తాతయ్య పేజీ దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. 'మా నాన్న చాపెల్ వెనక ఒక టై బాచ్ పెట్టాడు' అని ఉంది. డిక్షనరీ చూస్తే మొదటి మాటకి ఇల్లు, రెండోదానికి చిన్న. చిన్నిల్లు! ఇంకెవరైనా అయితే చిన్న ఇల్లంటే చిన్న ఇల్లే అనుకుందురు. కోస్తా జిల్లాలో పెరిగిన నాకు చిన్నిల్లంటే పెళ్ళాం ఉండగా పెట్టిన రెండో కాపురం ఒక్కటే తెలుసు. ఎందుకైనా మంచిదని "టై బాచ్ అంటే ఏంటాంటీ?" అని అడిగాను. "అలాంటి మాట మా భాషలో లేదే" అందావిడ. పాపం, దాచుకుంటోంది అనుకున్నాను.

రిచ్‌మండ్ హిల్‌లో ఉండే మా బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన అక్కడి తెలుగు చర్చిలో పెద్ద, సలహాలకి లోటుండదు.

"చాపెల్ వెనకేనా? ఎంత తెగింపమ్మా!"

"మొదట్లో వాళ్ళావిడ గొడవ పెట్టుకుందట బాబాయ్. తర్వాత రోజూ ఆవిడే వెళ్ళేదట."

"సర్దుకుపోయిందన్నమాట, పాపం."

"ఆదివారం సర్వీస్ అవగానే ముందు పాస్టరు గారు వెళ్ళేవారట. వెనక ఊరంతా లైన్లో..."

బాబాయ్‌కి పొలమారింది. "అమ్మలూ, ఇంక చదవకు! ఆ పేజీ డిలీట్ చేసెయ్. మన పెద్ద తాతయ్య తెనాలిలో చిన్నిల్లు పెట్టిన సంగతి మనమెప్పుడైనా బయట చెప్పుకున్నామా?"

డిలీట్ చేద్దామంటే పుస్తకం మొత్తంలో తాతయ్య గురించి ఉన్నది ఆ ఒక్క పేజీ. ఆవిడ వినాలనుకున్నదీ అదే. చాలాసేపు ఆలోచించి చిన్నిల్లు తీసేసి 'ప్రార్థన గది' అని పెట్టాను. మిగతా వాక్యాలన్నీ దానికి అతికినట్టు సరిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పండగ రోజు పట్టుచీర కట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. "తాతగారు చాపెల్ వెనక ప్రార్థన గది కట్టించారు. ఒక్కొక్కరే వెళ్ళి లోపల గడియ పెట్టుకునేవారు. చలికాలంలో పాస్టరు గారు పరుగున వెళ్ళేవారు." ముందు వరసలో ఒక ముసలాయన భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుస్తున్నారనుకుని ఇంకాస్త నెమ్మదిగా, భక్తిగా చదివాను. "ఆయన భార్య పాత న్యూస్‌పేపర్లు ముక్కలుగా కత్తిరించి అక్కడ మేకుకి గుచ్చేది." (బైబిల్ వాక్యాలు రాసుకోవడానికి కాబోలు అనుకున్నాను, నిజంగా.) అంతే, హాలంతా గొల్లుమంది.

నైన్ ఆంటీ కర్ర పట్టుకుని లేచింది. "నువ్వు టై బాచ్ అన్నది టీ బాఖ్, తల్లీ! టాయిలెట్! మా ఊళ్ళో మొట్టమొదటి టాయిలెట్! అప్పటిదాకా ఆడవాళ్ళు వానలో కొండెక్కి వెళ్ళేవాళ్ళు. మా తాతయ్య కట్టించాడు!" అంది. నవ్వుతున్న వాళ్ళందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. అలాంటి మనిషినా నేను అలా అనుకున్నాను!

ఇంటికి డ్రైవ్ చేస్తూ అసలు సంగతంతా ఒప్పేసుకున్నాను, బాబాయ్‌తో సహా. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. "మా తాతయ్యకా? అంత ధైర్యమే! మా నాయనమ్మ ఆయన్ని ఆ క్వారీలోనే పాతిపెట్టేది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఆయన్ని తలుచుకుని ఇంతమంది నవ్వుతారని నేననుకోలేదు" అంది. మర్నాడు ఆవిడ నాచేత ఒక చెక్క మీద తెలుగులో 'ప్రార్థన గది' అని రాయించి, తన బాత్‌రూమ్ తలుపుకి కొట్టించింది.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నోట్‌బుక్కూ, ఆ చెక్కా ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాయి. వచ్చినవాళ్ళెవరైనా బాత్‌రూమ్ ఎక్కడని అడిగితే మా అమ్మాయి ఇంగ్లీషులో "ప్రార్థన గది ఎడమ పక్కన" అని దారి చూపిస్తుంది. మొన్న ఆ చెక్క దుమ్ము తుడుస్తుంటే ఏదో తోచి బాబాయ్‌కి ఫోన్ చేశాను. "బాబాయ్, పెద్ద తాతయ్య తెనాలి చిన్నిల్లు... అసలు చూసినవాళ్ళెవరు?" "చూసినవాళ్ళెవరూ లేరమ్మా. అందరూ అనేవారంతే" అన్నాడు. ఆ ప్రశ్న అప్పుడే అడిగుండొచ్చు. కానీ ఆ రోజుల్లో నాకన్నీ తెలుసు కదా!