మా ఆవిడ నోరు తెరుచుకుని విన్న వరద

బందరు కాలవ మీద లస్కరుగా ముప్పై ఏళ్ళు గేట్లు ఎత్తి దించినవాణ్ణి. చదివింది నాలుగో తరగతే అయినా, నీళ్ళ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటిది ఈ సాయంత్రం, సెలవు మీద పటమట వచ్చిన పక్కింటి సుజాత మా ఇంట్లోనే కూర్చుని మా ఆవిడకి వరదల గురించి చెప్పింది. హిమాలయాల్లో కరిగిన మంచునీళ్ళు చెరువుల్లా నిలుస్తున్నాయట. గట్టు తెగితే కింద ఊళ్ళు కొట్టుకుపోతాయట. ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి, ఏ చెరువు పెరుగుతోందో, తెగితే నీళ్ళు ఎటు పోతాయో మ్యాపు గీయడం ఆ పిల్ల ఉద్యోగం.

నేను వరద కథ ఎత్తుకుంటే రెండో నిమిషంలో కునుకు తీసే మా ఆవిడ, గంటసేపు నోరు తెరుచుకుని విన్నది. నాకు ఒళ్ళు మండింది. ఫొటో మీద గీసిన మ్యాపు చూపిస్తున్న ఆ పిల్ల ఫోను లాక్కుని చూశాను.

"ఇదిగో, ఈ నల్లటి చెరువు వదిలేశావేం అమ్మాయ్?" అన్నాను.

"అది కొండ నీడండీ తాతయ్యగారూ. మొదట్లో నేనూ అలాగే పొరబడ్డాను" అంది మర్యాదగా. ఆ మర్యాదకి ఇంకా మండింది.

మా ఆవిడ ఒకటే నవ్వు. "ఆ పిల్ల రాబోయే వరద చెబుతోందండీ. మీరు ఎప్పుడో వచ్చిపోయిన వరద చెబుతారు" అంది.

ఫోను ఆ పిల్లకి తిరిగి ఇచ్చేశాను. కుళ్ళుకున్నాను, దాచుకోవడం దేనికి? వచ్చిపోయిన వరదలు వినేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి. కాఫీ నేనే పెడతాను.