డాక్టర్ సువార్త గారి పడవ ఇల్లు

2022 జూన్. జెద్దాకి ఉత్తరాన, సముద్రం సన్నటి కాలవలా భూమిలోకి చొచ్చుకొచ్చే ఒభుర్‌లో మా బోట్ యార్డ్. అప్పటికి నేను అక్కడ చేరి పదకొండేళ్ళు. మాది జగిత్యాల దగ్గర పల్లె. సౌదీ వచ్చిన కొత్తలో రియాద్‌లోని సులైలో ఫైబర్ నీళ్ళ ట్యాంకులు చేశాను. పొరలు గట్టిగా అతుక్కున్నాయో లేదో తట్టి చెప్పడం అక్కడే నేర్చుకున్నాను. పడవల పనిలో అదే నన్ను నిలబెట్టింది.

ఒకరోజు పొద్దున డాక్టర్ సువార్త గారు యార్డుకి వచ్చారు. నరసాపురం మనిషి. ఆసుపత్రిలో ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు. యాభై దాటిన వయసు, ఒంటరి. నాకు తెలుగు వచ్చని తెలియగానే ఆవిడ ముఖం వెలిగింది.

"నాకో పడవ కావాలండి. షికారుకి కాదు, కాపురానికి."

"పడవల ఉంటరా మేడం?"

"ఇక్కడికొచ్చిన ఇరవై రెండేళ్ళూ హాస్పిటల్ వాళ్ళిచ్చిన క్వార్టర్సేనండి. ఎప్పుడు గది మారమంటే అప్పుడు మారాను. ఇప్పుడు నాకంటూ ఓ తలుపుండాలి. మీతో దాచడమెందుకు, పడవల గురించి నాకు ఓనమాలు కూడా తెలీవు."

తెలియకపోయినా ఓ పడవ మీద మనసు మాత్రం అప్పటికే పారేసుకున్నారు. యార్డు ముందు స్టాండ్ల మీద పెట్టిన ముప్పై ఆరు అడుగుల తెల్ల పడవ అది. వెనక రెండు పెద్ద ఇంజన్లు, లోపల తేనెరంగు తోలు సీట్లు. మా కఫీల్, అంటే నా వీసాకి పూచీ ఉన్న యార్డు యజమాని, అబూ తలాల్ సొంత పడవ. "చూపించు, బాగా చూపించు," అని ఆయన నాకు ముందే చెప్పాడు.

కొనేముందు చేసే తనిఖీని సర్వే అంటారు. ప్లాస్టిక్ సుత్తితో పడవ ఒళ్ళంతా తడుతూ పోవాలి. గట్టిగా ఉన్నచోట 'టక్' మంటుంది. లోపల చెడినచోట మొద్దు చప్పుడు వస్తుంది. అడుగు బాగుంది, పక్కలు బాగున్నాయి. వెనక గోడకి వచ్చాను. దీన్ని ట్రాన్సమ్ అంటారు. ఇంజన్ల బరువంతా మోసేది ఇదే. ఫైబర్ పొరల మధ్య చెక్క ఉంటుంది. అక్కడ తడితే తడిసిన దిండుని కొట్టినట్టుంది.

అబూ తలాల్ పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. డాక్టర్ గారు లోపల సీట్లకి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను ఈ దేశంలో ఉండేందుకు అనుమతి కార్డు, ఇఖామా, ఆయన పేరు మీదే ఉంది. ఆయన ఎదుటే ఆయన పడవని కాదనాలి. మళ్ళీ తట్టాను. అదే చప్పుడు. ఈవిడ ఇందులో ఒక్కరే పడుకుంటారు కదా అనిపించింది.

"మేడం, ఈ పడవ మీకు వద్దు. ఎన్క గోడల చెక్క కుళ్ళింది. సముద్రంల ఇంజన్లు గుంజితే గోడ ఊడొస్తది."

అబూ తలాల్ దగ్గరికి వచ్చి ఏమన్నావని అడిగాడు. అరబ్బీలో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"డ్రిల్ తీసుకురా. రంధ్రం పెట్టు. లోపల పొడిగా ఉంటే వచ్చే వారమే నీకు ఖురూజ్," అన్నాడు. ఖురూజ్ అంటే వీసా కొట్టేసి ఇంటికి పంపడం.

డ్రిల్ తెచ్చాను. పనివాళ్ళంతా చుట్టూ చేరారు. ముందు తెల్లటి పొడి రాలింది. తర్వాత ఎండు చెక్క పొట్టు రావాలి. రాలేదు. నల్లటి ముద్ద వచ్చింది. బిట్ బయటికి లాగాను. టీ డికాక్షన్ లాంటి నీళ్ళు గోడ మీదుగా కారి అబూ తలాల్ చెప్పుల దాకా వచ్చాయి. కంపు.

డాక్టర్ గారు వంగి చూశారు. "గ్యాంగ్రీనండీ ఇది! పై చర్మం మాత్రం ఎంత నిగనిగలాడుతోందో!"

అబూ తలాల్ ఆ నల్లటి ముద్దని వేలితో నలిపి చూశాడు. "నాకు అమ్మినవాడు చెప్పలేదు. నా పిల్లల్ని ఇందులో తిప్పాను," అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "ఆవిడకి ఏది మంచిదో నువ్వే చూపించు," అన్నాడు.

యార్డు చివరి వరసలో, డైవింగ్ వాళ్ళు వాడి వదిలేసిన వెలిసిన నీలం పడవ ఒకటుంది. వెడల్పు, నిదానం, అందం లేదు. గంటసేపు తట్టాను. ఎక్కడా మొద్దు చప్పుడు లేదు.

"లోపల నిలవడి చూడుండ్రి మేడం. తల తాకుతదా? పగటీలి ఎండ ఏ కిటికీల పడ్తది? సండాస్ నీళ్ళ ట్యాంకు ఎన్నొద్దులకు నిండుతది? ఉరికే పడవ వేరు, ఉండే పడవ వేరు. కొనకముందు రెండొద్దులు అండ్ల ఉండి చూడుండ్రి."

జూలై ఎండల్లో నీలం పడవని మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, కట్టి, ఒడ్డు నుంచి కరెంటు ఇచ్చాం. రెండో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"గంగాధర్ గారూ, ఏసీ ఆగిపోయిందండి! ఆవిరికుడుములా ఉడికిపోతున్నాను!"

పడవ ఏసీని సముద్రపు నీరే చల్లబరుస్తుంది. ఆ నీరు ఆగినట్టుంది. నేను వెళ్ళొచ్చు. కానీ రేపు ఈ పడవలో ఉండేది ఆవిడ. "ఏసీ బంజేసి, నేల మీది పలక లేపుండ్రి. ఎర్ర పిడి అడ్డం తిప్పితే నీళ్ళు ఆగుతయి. పక్కన జాలీ డబ్బా ఉంటది, మూత తియ్యుండ్రి," అని ఒక్కొక్కటే చెప్పాను. పది నిమిషాలు ఏదో తీస్తున్న చప్పుడు. ఆయాసం. తర్వాత కేక.

"జెల్లీఫిష్ అండీ! గ్లవ్స్ వేసుకుని నేనే తీశాను! మూత పెట్టేశాను, పిడి తిప్పేశాను, చల్లగాలొచ్చేస్తోంది! ఇదేనండి నా పడవ!"

నవంబర్‌లో, కొత్త రంగు, పైన నీడకి గుడ్డ కప్పు వేసి దాన్ని మళ్ళీ నీళ్ళలోకి దించాం. చుక్కాని ఆవిడే పట్టుకున్నారు. ఒభుర్ వెంట చివరిదాకా వెళ్ళి వచ్చి, జెట్టీకి మెల్లగా ఆనించారు. యార్డంతా ఈలలు, చప్పట్లు. అబూ తలాల్ ఖర్జూరాలు, గహ్వా అనే అరబ్బు కాఫీ పంచాడు. తెల్ల పడవ ట్రాన్సమ్ నేనే మొత్తం తీసి కొత్తగా కట్టాను. కొనేవాళ్ళకి పాత రంధ్రం ఫొటో చూపించి మరీ అమ్మాడాయన.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. కొత్తగా కొనేవాళ్ళు తమకి తెలిసిన ప్రశ్నలే అడుగుతారు. వాళ్ళకి తట్టని ప్రశ్న మనమే వేసి, జవాబు భయపెట్టేదైనా చెప్పాలి. ఆ జవాబు చెప్పాలంటే నాకు ఇప్పటికీ జంకే. అయినా చెబుతాను.

మొన్న ఒక సౌదీ జంట పడవ కోసం వచ్చింది. అబూ తలాల్ ధర చెప్పబోయి ఆగి, "ముందు మా సర్వేయర్ చూడాలి," అన్నాడు. సర్వేయర్ ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూశాను. అక్కడెవరూ లేరు. ఆయన చూస్తున్నది నన్నే.