మూడు తొవ్వల కాడి ఎరువు

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఇందులో కోట ఉంది, ముట్టడి ఉంది, ఒక్క రోజులో తుడిచిపెట్టుకుపోయిన సైన్యం ఉంది. ఒక వంశం నిలుస్తుందా అంతరిస్తుందా అన్న ప్రశ్న కూడా ఉంది. పద్యాల్లో రాయాల్సినంత సరుకు.

అంత లేదు. కోట అంటే సిమెంటు రింగు. సైన్యం అంటే వానపాములు. వంశం చిక్కుడు గింజలది. కూరగాయల తొక్కలు కుళ్లబెట్టడానికి నేను పడ్డ పాట్లు ఇవి. ఎవరూ ముట్టుకోకపోతే తొక్కలు వాటంతట అవే కుళ్లుతాయి. నేను ముట్టుకున్నాక అదీ ఆగిపోయింది.

చౌటుప్పల్‌లో మేము ఇల్లు కట్టుకున్న వెంచర్ అంతా గులకరాళ్ల మొరం నేల. అందులో ఏపుగా లేచేవి రెండే, హద్దురాళ్లు, పల్లేరు. మోత్కూర్ దగ్గరి మా ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మ చిక్కుడు గింజలకు బూడిద పట్టించి గాజు సీసాలో తెచ్చుకుంది. అమ్మమ్మ చేతి విత్తనం అది. ఊళ్లో ఆ పాదు ఉన్న జాగాలో ఇప్పుడు ఎవరిదో రేకుల షెడ్డు ఉంది. ఇక్కడ రెండు వానాకాలాలు పెట్టి చూసింది. మొలకలు వచ్చాయి, పచ్చబడ్డాయి, ఎండిపోయాయి. సీసా అడుగున పిడికెడు గింజలు మిగిలాయి. అవీ పోతే ఇక అడగడానికి ఎవరి దగ్గరా లేవు.

"మార్కెట్ల చిక్కుడుకాయ దొర్కుతలేదా?" అన్నాడు నాయిన. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి వచ్చే మనిషి, ఆయనకు ఏదైనా కవర్లో వస్తేనే ముద్దు.

"అది చిక్కుడుకాయనా? చెప్పు పట్టీ లెక్క సాగుతది," అంది అమ్మ. "నేలకు జర ఎరువుంటే నా గింజకేం రోగం?"

ఎరువు కోసం ఊరికి పోయి, గొర్ల మంద ఉన్న మామను అడిగాను.

"ట్రాక్టర్ తెచ్చినవా?" అన్నాడు.

"రెండు బస్తాలు చాలు మామా. బండి మీద పెట్టుకొని పోత."

"ట్రాక్టర్ నింపుతె నింపుత. బస్తాల లెక్క నాతోని కాదు. నా గొర్లు నీకు దుకాణం లెక్క కనవడ్తున్నయా అల్లుడా?"

మంద మొత్తం నన్ను చూసింది. ఉత్త చేతులతో వచ్చి, ఎరువు ఇంట్లోనే చేస్తానని ప్రకటించాను. ఫోన్‌లో వీడియోలు చూశాను. ఒక వరస పచ్చి తొక్కలు, ఒక వరస ఎండుటాకులు, పైన కాస్త మన్ను. ఉప్పు తగలకూడదు. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేవాణ్ణి అని కూడా అన్నాను. ఆ మాట అమ్మకు ఇప్పటికీ గుర్తుంది.

కంపు ఇంట్లోకి రావద్దంది అమ్మ. మాది మూల ప్లాటు కాబట్టి గోడ బయట, మూడు బాటలు కలిసే చోట గుంత తవ్వి సిమెంటు రింగు దించాను. పుట్టి పెరిగింది ఈ గడ్డ మీదే. అయినా మూడు తొవ్వల కాడ మూత లేని గుంత తవ్వితే జనం దాన్ని దేనికి వాడతారో నాకు తట్టలేదు. వీడియోల్లో ఎవరూ చెప్పలేదు. వాళ్ల ఊళ్లో పిల్లలకు దిష్టి తగలదేమో.

వారాలు గడిచినా పైన వేసింది పైననే ఉంది. ఈగలు మాత్రం నమ్మకంగా వచ్చేవి. చెరువు కింది పొలం గట్టున వానపాములు పట్టుకొచ్చి వదిలాను. మరునాటికి అన్నీ రింగు అంచు మీద ఎండిపోయి ఉన్నాయి. పారిపోతూ దారిలో చనిపోయినట్టున్నాయి. కర్ర పెట్టి తిరగేస్తే కింద నా తొక్కల కంటే ఊరి సరుకే ఎక్కువ. కోసిన నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, ఎర్రన్నం ముద్దలు, గుడ్లు, కుంకుమ పూసిన బూడిద గుమ్మడికాయ చెక్కలు. వాటి మధ్య రాళ్ల ఉప్పు, పిడికెళ్లకొద్దీ.

అప్పుడే ఎదురింటి పెద్దమ్మ మనవడికి దిష్టి తీసి, పిడికిలి మూసుకొని నా రింగు వైపే వస్తోంది.

"పెద్దమ్మా, ఇందుల ఎయ్యకు. ఎరువు చేస్తున్న."

"ఎరువే గద బిడ్డా. అన్నీ కుళ్లుడే గద."

"ఉప్పు కుళ్లది పెద్దమ్మా."

"ఉప్పు కుళ్లకుంటె మానె, దిష్టి కుళ్లుతది గద!" అని వేసేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. దిష్టి వేశాక వెనక్కి చూడకూడదు. ఎంత పిలిచినా చూడలేదు.

'ఇక్కడ దిష్టి వేయరాదు' అని రేకు మీద రాసి పాతాను. మరుసటి శనివారం ఆ రేకుకే ఎవరో నిమ్మకాయ, మిరపకాయలు దండ గుచ్చి కట్టారు. బోర్డు బాగుందని దానికి దిష్టి తగులుతుందనుకున్నారో ఏమో.

ఊరి సరుకు ఏరిపారేస్తే మిగిలింది పనికొస్తుందని అమ్మను బతిమాలాను.

"ఊరి దిష్టంత తెచ్చి నా గింజకు పెడ్తవా?" అంది.

"దిష్టి సంగతి ఇడిసిపెట్టు. ఉప్పున్నది, అందుకే వద్దు అను."

"ఉప్పుంటె కడుగుతరు. దిష్టినెట్ల కడుగుతవ్?"

అంతా పారబోశాను. కొత్త రింగు గోడ లోపల దించి, పైన రేకు మూత పెట్టి, మళ్లీ మొదటి తొక్క నుంచి మొదలుపెట్టాను. కంపు లోపలికే వచ్చింది. నాయిన కిటికీ మూసుకొని అన్నం తినేవాడు. వానలు పడ్డాయి. పక్క ప్లాట్లలో పల్లేరు కూడా పూసింది. అమ్మ రోజూ పొద్దున మూత తీసి, దవాఖానలో చుట్టాన్ని చూసినట్టు చూసి మూసేది.

"అయిందా?"

"కాలే. పచ్చిగ ఏస్తె ఉడుకుకు గింజ మాడిపోతది."

"నీ ఎరువయ్యేదాక వాన ఆగుతదారా?"

వాన నా కోసం ఆగలేదు, వానాకాలం చివరికి వచ్చింది. అప్పటికి ఎరువు నల్లబడి, తడిమట్టి వాసన వచ్చింది. అమ్మ మొరం తవ్వి, ఎరువు నింపి, సీసా మొత్తం బోర్లించింది. ఒక్క గింజ కూడా దాచుకోలేదు.

కొన్ని పుచ్చిపోయాయి. కొన్ని మొలిచి గోడ ఎక్కాయి. పూత రాగానే అమ్మ పందిరికి ఒక పాత చెప్పు, ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు వేలాడదీసింది. శనివారం కొత్త నిమ్మకాయ కట్టి, వాడినది పట్టుకొని గేటు దాటింది. గోడ బయట ఖాళీ రింగులో ఏదో పడ్డ చప్పుడు వినిపించింది. అమ్మ వెనక్కి చూడకుండా వచ్చింది.

లేటుగా పెట్టాం కాబట్టి కాపు తక్కువ. మంచి కాయలన్నీ విత్తనానికని తీగ మీదే వదిలేసింది, వాటిని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానంది. మిగిలినవి కోస్తే దోసెడు కూడా కాలేదు.

చిక్కుడుకాయ కూరకు చాలకపోతే ఆలుగడ్డ కలుపుకోవాలి.