ఇన్నయ్య దారం లెక్క

యూనివర్సిటీలో భూగోళశాస్త్రం చదివినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఆ భూగోళాన్ని దులిపి, చుట్టచుట్టి బీరువాలో పెట్టినవాడు ఇన్నయ్య ఒక్కడే. ముప్పై ఒక్క ఏళ్లు పటాల గదిలో అటెండరు. ఏ ఊరు ఎంత దూరమని ఎవరైనా అడగడమే ఆలస్యం, జేబులోంచి దారం తీసి పటం మీద పరిచేవాడు. రిటైరై తార్నాకలో కూతురింట్లో ఉంటున్నా ఆ దారం జేబు వదల్లేదు. ఆయన చెప్పిన దూరం ఎప్పుడూ తప్పేది కాదు. చెప్పిన వేళకి మాత్రం ఏనాడూ ఏ ఊరూ చేరలేదు.

ఆ రోజు పొద్దున ఏడింటికి గోదావరి అవతలి నుంచి మేనల్లుడు డేనియల్ ఫోన్ చేశాడు.

"మామయ్యా, అమ్మ పోయింది. పుట్టింటి చీర కప్పందే పెట్టె మూయకూడదు కదా. ఎన్నింటికి వస్తావు?"

పుట్టింటి వైపు మిగిలింది ఇన్నయ్య ఒక్కడే. చెల్లెలు మేరీకి ఆ చివరి చీర ఆయనే కప్పాలి. ఏడుపు దిగమింగి, గోడకున్న పాత పటం మీద శంషాబాద్ నుంచి రాజమండ్రి విమానాశ్రయం దాకా దారం లాగాడు.

"మూడు వందల అరవై కిలోమీటర్లు. విమానంలో గంట. ఒంటిగంటకి ఎక్కితే రెండింటికల్లా అక్కడుంటానురా."

టికెట్ తీస్తున్న మనవరాలు లిడియా నెత్తి కొట్టుకుంది. "తాతా, ఈడికెళ్లి ఏర్‌పోర్ట్‌కే గంటన్నర అయితది. గాడ లైన్ల నిలబడాలె. దిగినంక ఊరికి ఇంకో గంట. నీ దారానికి ఇవన్నీ ఎట్ల తెలుస్తయి?"

"విమానం గాల్లో పోద్దే పిచ్చిదానా. గాల్లో సిగ్నళ్లుంటాయా?"

క్రిస్మస్‌కి మేరీకి ఇద్దామని కొన్న తెల్లచీర సంచిలో పెట్టుకున్నాడు. లిడియా పదింటికే కారెక్కించబట్టి గానీ, లేకుంటే విమానం కూడా అందేది కాదు. అది కదిలేసరికే ఒంటిగంటన్నర.

కిటికీలోంచి చూస్తే కింద కొండలు, ఏరు, పొలాలు. ఒక్క ఊరి పేరూ రాసి లేదు. గడియారంలో రెండయింది. చెప్పిన వేళ దాటాక ఎంతసేపని ఆగుతారు, పెట్టెకి మేకులు కొట్టేస్తారు. సంచిని ఒళ్లోకి లాక్కుని రెండు చేతులతో పట్టుకున్నాడు. దిగాక ఫోన్ చేద్దామనుకున్నాడు గానీ, ఆ మాట వినడానికి ధైర్యం చాలలేదు. ఆటోలో దారిపొడవునా సంచి ఒళ్లోంచి దించలేదు.

ఊరు చేరేసరికి నాలుగు కావస్తోంది. పందిరి కింద పెట్టె తెరిచే ఉంది. పాస్టరు బైబిలు చేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఇంకా... ఉంచారా?" అన్నాడు ఇన్నయ్య.

డేనియల్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మ ముందే చెప్పింది మామయ్యా. 'అన్నయ్య చెప్పిన వేళకి రెండు గంటలు కలపండిరా, ఆయన దారంతో కొలిచే మనిషి' అంది. అందుకే అందరికీ నాలుగింటికనే చెప్పాం."

ఇన్నయ్య చీర మడతలు విప్పి చెల్లెలి మీద కప్పాడు. వంగి, అంచు పాదాల దాకా అందిందో లేదో చూసుకున్నాడు. అందింది.

అప్పుడు పెట్టె మూయమన్నాడు.