రెండు జడలు

మొన్న మేం అన్నాలు తింటుండగా ఏలూరు నుంచి ఫోను వచ్చింది. కౌన్సెలింగ్ మేడమ్ గారు పోయారు. మా అత్తగారు సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నారు. నేను ఏడ్చాను. ఆవిడ మాకు చుట్టమూ పక్కమూ కాదు.

తాడేపల్లిగూడెంలో మాకు బట్టల కొట్టు. పాపకి మూడో నెల రాగానే నేను కొట్లో కూర్చున్నాను. పెంపకమంతా అత్తగారిదే. ఆరేళ్లొచ్చేసరికి పాప ఆవిణ్ణి "అమ్మా" అంటోంది, నన్ను ఇంట్లో అందరిలాగే పేరు పెట్టి పిలుస్తోంది. జ్వరమొచ్చినా నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. నాకు కడుపు మండిపోయేది. అత్తగారిని అత్తిలిలో మా ఆడపడుచు ఇంటికి పంపేస్తే పాప నాదవుతుందనుకున్నాను. ఆ మాట, కుటుంబ గొడవలకి కౌన్సెలింగ్ చేసే మేడమ్ గారి చేత చెప్పిద్దామని ఏలూరు వెళ్లాను.

"ఒక్కరే వచ్చారేంటండీ? అందర్నీ తీసుకురండి," అని టీ ఇచ్చి పంపేశారు!

మరుసటి వారం మా ఆయన, అత్తగారు, పాప, నేను నలుగురం వెళ్లి ఆవిడ గదిలో చాప మీద కూర్చున్నాం. తప్పెవరిదని ఆవిడ అడగలేదు.

"పాపకి జడ ఎవరేస్తారండీ?"

"నేనేనండీ. మా కోడలికి కొట్టుతోనే సరిపోతుంది కదండీ," అన్నారు అత్తగారు.

"అయితే రేపట్నించి రెండు జడలు. మీరొకటి, మీ కోడలొకటి."

"ఈవిడుంటే అది నా దగ్గరికి రాదండీ," అనేశాను. అత్తగారి మొహం మాడిపోయింది.

"పాప ప్రేమ నేర్చుకుంది ఆవిడ దగ్గరేనమ్మా. ఏ ఒడీ ఖాళీ చేయించొద్దు. పక్కన మీరూ కూర్చోండి," అన్నారు మేడమ్ గారు.

నేనేసిన జడ బడికి చేరేలోపే ఊడిపోయేది. కొన్నాళ్లకి అత్తగారే నా వేళ్లు పట్టుకుని బిగువుగా అల్లడం నేర్పారు. ఒక పొద్దున పాప, "అమ్మా, నొప్పి," అంది. ఇద్దరం చేతులాపేశాం. అత్తగారు తల దించుకుని, "పిలిచింది నిన్నేనమ్మా, మెల్లిగా లాగు," అన్నారు.

ఆనందం పట్టలేక ఆ మధ్యాహ్నం మేడమ్ గారికి ఫోన్ చేశాను. అంతా విని, "మీ అత్తగారు భోంచేశారా అండీ?" అని అడిగారు. ఆ సంగతి నాకు తోచనే లేదు. వెళ్లి చూస్తే ఆవిడ తినలేదు. ఆ పూట ఇద్దరం కలిసి తిన్నాం.

పాపకిప్పుడు పదిహేనేళ్లు. ఒంటి జడ, అదీ తనే వేసుకుంటుంది. నిన్న మేడమ్ గారిని సాగనంపడానికి చర్చికి బయల్దేరబోతుంటే రెండు రిబ్బన్లు తెచ్చి మా ఇద్దరి మధ్య కింద కూర్చుంది. అత్తగారికి ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి.

చర్చిలో పాప వెనకే నిలబడ్డాను. ఎడమ జడ బిగువుగా ఉంది, అది నాది. అత్తగారేసిన కుడి జడ వదులైపోయింది. ప్రార్థన అయ్యేదాకా పాప దాన్ని ఊడకుండా గుప్పిట్లో పట్టుకుని నిలబడింది.